డిక్కీలో బేస్ పెట్టె: బుర్రుమనే మోత ఎందుకు?

ప్రశ్న: కారు డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్‌కి వడ్రంగి చేత పెట్టె చేయించాను. 6 ఎంఎం ప్లైవుడ్. బేస్ రావడం లేదు, బుర్రుమని మోత వస్తోంది. స్పీకర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్పీకర్ జోలికి వెళ్లకండి బాబూ. తప్పు పెట్టెదే. 6 ఎంఎం చెక్క స్పీకర్‌తో పాటు తనూ ఊగుతుంది. ఆ మోత చెక్కదే. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) తీసుకోండి.

ముందు స్పీకర్‌తో వచ్చిన కాగితంలో ఎన్ని లీటర్ల పెట్టె కావాలన్నాడో చూడండి. ఉదాహరణకి లోపలి కొలత 40×35×22 సెంటీమీటర్లయితే 30.8 లీటర్లు. అందులో స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటు తీసేయాలి. చాలామంది బయటి కొలత లెక్కేసి మోసపోతారు.

ఇక అతుకులు. మూసిన పెట్టెలో గాలి స్పీకర్‌కి స్ప్రింగులా పనిచేస్తుంది, సన్నటి సందున్నా ఆ పట్టు పోతుంది. మా తమ్ముడి కారుకి పెట్టె చేసినప్పుడు బేస్ పాట పెట్టి, అతుకుల వెంట అగరుబత్తి తిప్పాను. వైరు దూరే రంధ్రం దగ్గర పొగ చటుక్కున పక్కకి కొట్టుకుంది. అక్కడ సిలికాన్ పూసి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను. మర్నాడు మృదంగం దెబ్బ గుండెకి తగిలింది!

మేకులు వద్దు, జిగురూ స్క్రూలూ వాడండి. ఆంప్లిఫయర్‌కి వెళ్లే కరెంటు వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయించారా? లేకపోతే ఈరోజే వేయించండి. పెట్టెని బెల్టుతో డిక్కీకి బిగించండి.