కటకాకారపు మేఘం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. సంభాషణలు బాగున్నాయి. అయితే నాలుగో పేజీలో, మెరీనా ఒడ్డున నిలబడిన నీ నాయిక తలెత్తి ‘కటకాకారపు మేఘాన్ని’ చూసిన చోట నేను ఆగిపోయాను. మిగతా కథ మరునాటికి గానీ చదవలేకపోయాను.

అది ‘లెంటిక్యులర్’ అనే మాటకు పాఠ్యపుస్తకాల తెలుగు. లాటిన్‌లో ‘లెన్స్’ అంటే మసూరు గింజ, అదే మన మైసూరు పప్పు గింజ; ‘లెంటిక్యులా’ అంటే చిట్టి మసూరు గింజ. మనం లెన్స్ అనే గాజుబిళ్ళ ఆ గింజను పోలి ఉన్నందున దానికి ఆ పేరు వచ్చింది. 1787లో మెడికస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మొక్కకు ‘లెన్స్ కులినారిస్’ అని పేరు పెట్టాడు. రెండో మాటకు అర్థం వంటింటిదని. మనవాళ్ళూ ఇదే పని చేశారు: మసూరు గింజల్లాంటి పొక్కులు లేచే జబ్బును ఆయుర్వేదం మసూరిక అంది. ఇక పాఠ్యపుస్తకాలు లెన్స్‌కు పెట్టిన పేరు కటకమంటే సంస్కృతంలో కంకణం. నీ మేఘానికి నడుమ కంత ఉందా అమ్మా?

ఆకారం చెప్పే ప్రతి విశేషణం వెనుకా ఎవరో చేత పట్టిన వస్తువు ఒకటి ఉంటుందని, దాన్ని చూడనిదే ఆ మాట వాడరాదని ముప్పై ఏళ్ళుగా పోరుతున్నాను, వినేవారు తక్కువ. మద్రాసు కొట్లలో మైసూరు పప్పంటే ఇచ్చేది పొట్టు తీసిన బద్ద. దానికి ఒకవైపే ఉబ్బు, రెండోవైపు చదును. పొట్టుతో ఉన్న గింజ మాత్రం రెండువైపులా ఉబ్బి, అంచుకు వచ్చేసరికి పలచబడుతుంది. లెంటిక్యులర్ అంటే అదే.

టి.నగర్‌లో అద్దెగదిలో ఉన్న రోజుల్లో ఒక కథలో ‘మసూరు గింజలాంటి పుట్టుమచ్చ’ అని రాశాను. వంటింటి వాసన వస్తోందని సంపాదకులు దాన్ని ‘కటకాకారపు మచ్చ’గా దిద్ది అచ్చువేశారు. మా అమ్మ చదివి, ఆ పిల్ల బుగ్గకు గాజుపెంకు గుచ్చుకుందా అని అడిగింది. చర్మం మీది మచ్చకు లాటిన్‌లో ‘లెంటిగో’ అని పేరనీ, అదీ ఈ గింజ నుంచి పుట్టిందేననీ అప్పుడు తెలిసి ఉంటే ఆయనకు ఒక కార్డు ముక్కైనా రాసేవాణ్ణి. తెలియక, ఇచ్చిన పారితోషికం పుచ్చుకుని ఊరుకున్నాను.

అటువంటి మేఘం సాధారణంగా గాలి కొండను దాటుతూ అలలుగా లేచే చోట కడుతుంది. అంతటి కొండ మెరీనా దరిదాపుల్లో లేదు కనుక, మేఘం ఉండాలనుకుంటే నాయికను కొండప్రాంతానికి పంపు. ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తరువాత చూద్దాం. నాలుగో పేజీ తిప్పి పంపుతున్నాను. దాని మడతలో పది గింజలున్నాయి, పొట్టుతోనే.