యాప్ ఒకటే, ఉచితంగా ఒకటి, డబ్బుకు ఒకటి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కిరాణా కొట్ల పద్దులు రాసుకునే మా ఆండ్రాయిడ్ యాప్ ప్లే స్టోర్‌లో రెండు రూపాల్లో ఉంది. ఉచితదానిలో ప్రకటనలు వస్తాయి, యాభై ఖాతాలే పెట్టుకోవచ్చు. పెయిడ్‌లో ఆ పరిమితి లేదు. ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం కాపీ చేసి రెండూ నడుపుతున్నాం. ఒకదానిలో సరిచేసిన బగ్ రెండోదానిలో అలాగే ఉండిపోతోంది. ఒకే కోడ్ నుంచి రెండూ తీయడం ఎలా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఆండ్రాయిడ్ యాప్‌ను బిల్డ్ చేసే పనిముట్టు గ్రేడిల్‌లో ప్రొడక్ట్ ఫ్లేవర్లు, అంటే ఒకే కోడ్ నుంచి తీసే వేర్వేరు రూపాలు, ఉన్నది ఇందుకే. యాప్ మాడ్యూల్ బిల్డ్ ఫైల్లో ముందు ఒక ఫ్లేవర్ డైమెన్షన్ (ఫ్లేవర్లను చేర్చే గుంపు పేరు) ప్రకటించండి. అది లేకపోతే ప్రాజెక్టు సింక్ కూడా కాదు. దాని కింద ఫ్రీ, పెయిడ్ అని రెండు ఫ్లేవర్లు పెట్టండి. మీ యాప్‌లు రెండూ ఇప్పటికే స్టోర్‌లో ఉన్నాయి కాబట్టి, అక్కడున్న అప్లికేషన్ ఐడీలనే (స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేర్లు) అక్షరం పొల్లుపోకుండా ఆయా ఫ్లేవర్లలో రాయాలి. ఐడీ మారితే ప్లే దాన్ని కొత్త యాప్‌గానే చూస్తుంది, పాతవాళ్లకు అప్‌డేట్ అందదు. నేమ్‌స్పేస్ (కోడ్ లోపల వాడే ప్యాకేజీ పేరు) మాత్రం రెంటికీ ఒక్కటే ఉంచండి. అప్పుడు ఇంపోర్ట్ లైన్లు వేటినీ ముట్టుకోనక్కర్లేదు. పరీక్షకు డీబగ్, విడుదలకు రిలీజ్ అనే రెండు బిల్డ్ రకాలతో కలిసి మొత్తం నాలుగు బిల్డ్ వేరియంట్లు వస్తాయి.

ఇక ఫోల్డర్లు. ఉమ్మడి కోడ్ అంతా మెయిన్‌లో, తేడాలు ఫ్రీ, పెయిడ్ ఫోల్డర్లలో. ఐకాన్, యాప్ పేరు లాంటి రిసోర్సులు రెండుచోట్లా ఉంటే ఫ్లేవర్‌లో ఉన్నదే గెలుస్తుంది. కోట్లిన్, జావా క్లాసుల సంగతి అలా కాదు. ఒకే క్లాసు మెయిన్‌లోనూ ఫ్లేవర్‌లోనూ ఉంటే రెండుసార్లు ప్రకటించారంటూ బిల్డ్ ఆగిపోతుంది. చాలామంది మొదటిరోజే తట్టుకుని పడేది ఇక్కడే. కాబట్టి ఖాతాల పరిమితి చెప్పే ఇంటర్‌ఫేస్‌ను మెయిన్‌లో పెట్టి, దాన్ని అమలుచేసే క్లాసును అదే పేరుతో, అదే ప్యాకేజీలో, రెండు ఫ్లేవర్ ఫోల్డర్లలోనూ విడివిడిగా రాయండి. ఉచితదానిలో అది యాభై అంటుంది, పెయిడ్‌లో పరిమితి లేదంటుంది.

ఒక జాగ్రత్త. ఆండ్రాయిడ్ స్టూడియో మీరు ఎంచుకున్న వేరియంట్‌నే కంపైల్ చేస్తుంది. రోజంతా ఫ్రీలో పనిచేసి అక్కడి క్లాసుకు ఒక ఫంక్షన్ కలిపితే, పెయిడ్ విరిగిన సంగతి రిలీజ్ రోజు దాకా బయటపడదు. కోడ్ మెర్జ్ చేసేముందు అసెంబుల్ డీబగ్ టాస్క్ ఒకసారి నడిపితే రెండు ఫ్లేవర్లూ కంపైల్ అవుతాయి.

ప్రశ్న: పెయిడ్‌లో ప్రకటనలు రాకుండా కోడ్‌లో ఒక బూలియన్ (అవును, కాదు అని చెప్పే గుర్తు) పెట్టాం. సరిపోతుందా? (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: తెరమీదికి సరిపోతుంది, ప్యాకేజీకి సరిపోదు. ప్రకటనల లైబ్రరీ డిపెండెన్సీగా ఉన్నంతకాలం దాని మ్యానిఫెస్ట్ (యాప్ అనుమతులు, భాగాలు ప్రకటించే ఫైలు) మీదానిలో కలిసిపోతుంది. ఇంటర్నెట్, అడ్వర్టైజింగ్ ఐడీ అనుమతులు పెయిడ్‌లోకీ వచ్చేస్తాయి. ప్రకటనలు వద్దని డబ్బు కట్టినవాళ్లకు ఆ అనుమతులు కనబడితే ఏమని చెబుతారు? యాప్ ఏ డేటా సేకరిస్తుందో ప్లేకు చెప్పే డేటా సేఫ్టీ ఫారం కూడా రెండు యాప్‌లకూ వేర్వేరుగా నింపాలన్నది మరవకండి.

డిపెండెన్సీని మామూలు ఇంప్లిమెంటేషన్‌గా కాక ఫ్రీ ఇంప్లిమెంటేషన్‌గా రాయండి. లైబ్రరీని పిలిచే కోడ్ ఫ్రీ ఫోల్డర్లోనే ఉండాలి, పెయిడ్‌లో అదే క్లాసు ఖాళీగా ఉంటుంది. యాడ్‌మాబ్ (గూగుల్ ప్రకటనల సేవ) యాప్ ఐడీ ట్యాగ్ ఫ్రీ మ్యానిఫెస్ట్‌లో ఉండాలి. అక్కడ అది తప్పిపోతే యాప్ తెరవగానే క్రాష్ అవుతుంది.

ప్రశ్న: ఒకే ఫోన్లో ఉచిత, పెయిడ్ యాప్‌లు రెండూ ఇన్‌స్టాల్ కావడం లేదు. ప్రొవైడర్ ఘర్షణ అని వస్తోంది. (బెంగళూరు పాఠకుడు)

జవాబు: ఫైల్ ప్రొవైడర్ (ఇతర యాప్‌లకు ఫైళ్లు అందించే భాగం) అథారిటీని, అంటే దాని గుర్తింపు పేరును, మ్యానిఫెస్ట్‌లో నేరుగా టైపు చేసి ఉంటారు. ఒక ఫోన్లో ఒక అథారిటీ ఒక్క యాప్‌దే. అక్కడ అప్లికేషన్ ఐడీ ప్లేస్‌హోల్డర్ (బిల్డ్ సమయంలో అసలు ఐడీతో నిండే గుర్తు) వాడండి. కోడ్‌లో ఆ పేరు వాడిన చోట కూడా ప్యాకేజీ పేరు నుంచే తీసుకోండి. లేకపోతే ఇన్‌స్టాల్ అవుతుంది గానీ, బిల్లు షేర్ చేయబోతే క్రాష్ అవుతుంది.

ప్రశ్న: ఉచితంలో రాసుకున్న పద్దులు పెయిడ్‌లోకి రావాలని, ఒకే కీతో సైన్ అయిన యాప్‌లకే దొరికే సిగ్నేచర్ అనుమతితో కంటెంట్ ప్రొవైడర్ (ఇతర యాప్‌లకు డేటా ఇచ్చే భాగం) రాశాం. మా ఫోన్లలో పనిచేసింది, స్టోర్ నుంచి దించుకుంటే పనిచేయడం లేదు. ఎందుకు? (విజయనగరం పాఠకుడు)

జవాబు: మీ కంప్యూటర్లో రెంటినీ సైన్ చేసింది ఒకే డీబగ్ కీ. స్టోర్‌లో అలా కాదు. యాప్‌లను సైన్ చేసే గూగుల్ సేవ ప్లే యాప్ సైనింగ్ మామూలుగా ఒక్కో యాప్‌కు ఒక్కో కొత్త కీ తయారుచేస్తుంది. కీలు వేరైతే సిస్టమ్ దృష్టిలో ఆ రెండు యాప్‌లకూ ఏ చుట్టరికమూ లేదు. అనుమతి దొరకదు. ఆ అనుమతిని రెండు మ్యానిఫెస్ట్‌లలోనూ ప్రకటించి ఉంటే రెండో యాప్ ఇన్‌స్టాలే కాదు. కొత్త యాప్ మొదలుపెట్టేటప్పుడే, మీ ఖాతాలోని ఇంకో యాప్ కీనే వాడమని ప్లే కన్సోల్‌లో ఎంచుకునే వీలుంది. దీనితోపాటు, ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్‌కు ఇంకో యాప్ కనబడాలంటే మ్యానిఫెస్ట్‌లో క్వెరీస్ కింద దాని ప్యాకేజీ పేరు రాయాలి.

యాప్‌లు ఇప్పటికే బయటికి వెళ్లిపోయాయి కనుక, ఫైలుగా ఎగుమతి చేసి రెండోదానిలో దిగుమతి చేయించడమే మీకు తేలిక దారి. కీతో పనిలేదు, ఫోన్ మారినవాళ్లకూ పనికొస్తుంది. అయితే డేటాబేస్ ఫైలును ఉన్నదున్నట్టు కాపీ చేయకండి. రూమ్ (ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ) వాడితే తాజా పద్దులు పక్కనున్న వాల్ (WAL, మార్పులను ముందుగా రాసుకునే) ఫైల్లోనే ఉండవచ్చు. అసలు ఫైలొక్కటే తీసుకెళ్తే ఆఖర్న రాసినవి మాయమవుతాయి, అందులో ఆ ఉదయం ఇచ్చిన అప్పులూ ఉండవచ్చు. పద్దులన్నీ చదివి జేసన్ (JSON) అనే టెక్స్ట్ ఫార్మాట్లో రాయండి, ఫైలు మొదట్లో ఫార్మాట్ వెర్షన్ నంబరు పెట్టండి. ప్రతి పద్దుకూ యూయూఐడీ (ఇంకో పద్దుకు రాని గుర్తింపు సంఖ్య) ఉంటే, కొట్టతను రెండుసార్లు దిగుమతి నొక్కినా అప్పు రెట్టింపు కాదు.

ప్రశ్న: ఇప్పుడే మొదలుపెడుతున్నాం. రెండు యాప్‌లా, ఒకే యాప్‌లో కొనుగోలా? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: ఒకే యాప్. రేటింగులు చీలిపోవు, పై జవాబులో చెప్పిన డేటా తరలింపు గొడవ అసలుండదు. ప్లేలో ఉచితంగా విడుదల చేసిన యాప్‌ను తర్వాత పెయిడ్‌గా మార్చనివ్వరు కూడా. ఐఫోన్‌కూ చేయాలనుకుంటే ఇదే మేలు, ఒకే యాప్‌ను వేర్వేరు బండిల్ ఐడీలతో (ఐఫోన్ యాప్‌ల గుర్తింపు పేర్లు) పెట్టవద్దని ఆపిల్ నియమాల్లోనే ఉంది. ప్రకటనల లైబ్రరీ ఆనవాలే లేని ప్యాకేజీ కావాలంటే మాత్రం ఫ్లేవర్లే దిక్కు.

యాప్ లోపలి కొనుగోళ్లకు డబ్బు తీసుకునే ప్లే బిల్లింగ్‌లో రెండు విషయాలు చూసుకోండి. కొనుగోలు అందినట్టు మూడు రోజుల్లోగా అక్నాలెడ్జ్ చేయకపోతే గూగుల్ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. కొన్ని చెల్లింపులు కాసేపు పెండింగ్‌లో ఉంటాయి. స్థితి పర్చేజ్డ్ అయ్యేదాకా పరిమితి ఎత్తేయకండి. ఆలోగా వాడేవాళ్లు యాప్ మూసేసి ఉండొచ్చు కాబట్టి, యాప్ తెరమీదికి వచ్చిన ప్రతిసారీ కొనుగోళ్లను మళ్లీ అడిగి తెలుసుకోండి.