సమాధానం: సంఘ పెద్దతో మాటలు లేవు, పరిచర్యంతా ఒంటరిగా మోస్తున్నాను

వందనాలు బ్రదర్. ఏడాదిన్నరగా మీ చర్చి సంఘంలో పాస్టరుగా అన్నీ మీరే చూసుకుంటున్నారని, కానుకల లెక్క దగ్గర మాటామాటా పెరిగాక సంఘ పెద్ద ముఖం చాటేస్తున్నారని రాశారు.

ముందు ఆయన ఇంటికి వెళ్ళండి. బైబిలు పట్టుకుని కాదు, ఊరికే టీ తాగడానికి. ఆ రోజు లెక్కల ఊసు వద్దు. మొదట్లో నేనూ ఒక పెద్దాయనకు వాక్యం చూపించి బుద్ధి చెప్పబోయాను. ఆరు నెలలు ఆ కుటుంబం ఆరాధనకు రాలేదు. తప్పు నాదే.

తొలి క్రైస్తవ బోధకులు పౌలు, బర్నబా కూడా తోటి పనివాడు మార్కును ప్రయాణంలో తీసుకెళ్ళాలా వద్దా అని వాదించుకుని విడిపోయారు (బైబిల్లో అపొస్తలుల కార్యములు 15). అదే పౌలు చివరికి మార్కును వెంటబెట్టుకు రమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య (1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు) మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. పాస్టర్లకూ ఆ లోటు ఉంది, పైకి ఒప్పుకోం గానీ.

ఇక ఆదివారం కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేయాలి. అందులో ఒకరు ఆయనే అయితే మీకు సగం టెన్షన్ పోతుంది. రోగులను చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక యౌవనస్థుణ్ణి తోడు తీసుకెళ్ళండి. పెద్దాయన మొదటిసారి సరిగ్గా మాట్లాడకపోతే వచ్చే వారం మళ్ళీ వెళ్ళండి.