నైట్ గార్డు చేయించుకోబోయే మా బుజ్జికి

బుజ్జీ,

దవడపన్ను అంచు విరిగిందనీ, నిద్రలో పళ్ళు నూరుతున్నావు కాబట్టి రాత్రిపూట పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డు చేయించుకోమని డాక్టరుగారు అన్నారనీ అమ్మ చెప్పింది. నీకేమో నమ్మకం కుదరట్లేదట, మీ ఆయనకి ఎప్పుడూ చప్పుడు వినబడలేదని. చప్పుడు అందరికీ రాదమ్మా. నూరకుండా రాత్రంతా పళ్ళు బిగబట్టేవాళ్ళూ ఉంటారు. పొద్దున లేవగానే కణతలు లాగుతున్నాయా, దవడ పట్టేసినట్టుందా చూసుకో. అద్దం ముందు నాలుక చాపు. దాని అంచున పళ్ళ నొక్కులు ఉంటే డాక్టరు మాట నిజం కావొచ్చు.

డెంటల్ ల్యాబ్‌లో ప్లాస్టర్ అచ్చులు పోస్తూ ముసలాణ్ణయ్యాను. పళ్ళు నూరేవాళ్ళ అచ్చు బల్ల మీదికి వస్తే చీటీ చదవక్కర్లేదు. కోరపళ్ళకి మొన ఉండదు. ముందుపళ్ళు అన్నీ ఒక్క ఎత్తున కోసినట్టుంటాయి. కింది అచ్చుని పై అచ్చు మీద కాస్త పక్కకి జరిపితే, అరిగిన చోటు అరిగిన చోట సరిగ్గా కూర్చుంటుంది. నీ వయసువాళ్ళవీ అలాంటివి చూశాను. పంటి పైపొర, అదే ఎనామిల్, ఒంట్లో అన్నిటికన్నా గట్టిదే, కాకపోతే అరిగిందంటే మళ్ళీ రాదు.

ఒక సంగతి ముందే తెలుసుకో. గార్డు నూరుడు మాన్పించదు. పళ్ళకీ పళ్ళకీ మధ్య అడ్డం పడి, ఆ అరుగుడేదో తాను అరుగుతుంది. కొన్నాళ్ళకి దాని మీద గీతలు, గుంటలు పడతాయి. డబ్బులు దండగ అని అప్పుడు పక్కన పడేసేవాళ్ళు బోలెడుమంది. ఆ గీతలు నీ పళ్ళ మీద పడాల్సినవి!

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో ముంచి కొరికే రకం కొనకు. ఆటగాళ్ళకి దెబ్బ తగలకుండా అది బాగానే ఉంటుంది గానీ రాత్రంతా నోట్లో పెట్టుకుంటే లావుగా, వదులుగా ఉంటుంది. ల్యాబులో చేసేవాటిలోనూ మెత్తటిది, గట్టిది ఉన్నాయి. మెత్తటిది పెట్టుకోగానే హాయిగా ఉంటుంది, కానీ కొందరు దాన్ని ఇంకా కసిగా నమిలేస్తారు. నీకు పన్నే విరిగింది కాబట్టి గట్టి యాక్రిలిక్ ప్లాస్టిక్‌ది, లేదా లోపల మెత్తగా పైన గట్టిగా ఉండే రెండు పొరలది అడుగు. పళ్ళన్నిటినీ కప్పేలా ఉండాలి. ముందుపళ్ళకి మాత్రమే తొడిగే చిన్నది వాడుతూ పోతే మిగతా పళ్ళు నెమ్మదిగా కదిలి, కొరుకుడే మారిపోయే ప్రమాదం ఉంది.

విరిగిన పన్నుకి సిమెంటో క్యాపో ఏది వేయించుకున్నా, అది అయ్యాకే గార్డుకి కొలత ఇవ్వు. తరవాత వేయిస్తే గార్డు పట్టదు, మళ్ళీ మొదటికొస్తుంది. కొలతకి కొన్నిచోట్ల ఇప్పుడు స్కానర్ తిప్పుతున్నారు, మంచిదే. ఆల్జినేట్ పేస్టుతో తీస్తే మాత్రం ప్లాస్టర్ వెంటనే పోయాలి. ఆలస్యమైతే ఆ పేస్టు ఎండి కుంచించుకుపోతుంది, దాంట్లో పోసిన అచ్చూ తప్పే, దాని మీద చేసిన గార్డూ తప్పే. గార్డు బిగుతుగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని అక్కడ పుట్టినవే.

గార్డు చేతికిచ్చి పంపేస్తామంటే ఒప్పుకోకు. కుర్చీలో కూర్చోబెట్టి, నీలం కాగితం కొరికించి, మచ్చ ఎక్కువ పడ్డచోట అరగదీసి, అన్నివైపులా సమంగా ఆనేదాకా చూడాలి. సగం పని అదే. మొదటి కొద్దిరోజులు ఉమ్ము ఊరుతుంది, నోట్లో ఏదో ఉన్నట్టే ఉంటుంది, అది సర్దుకుంటుంది. ఒక్క పన్ను మీదే నొప్పి వచ్చినా, పొద్దున తీశాక పళ్ళు కలవడానికి చాలాసేపు పట్టినా మళ్ళీ వెళ్ళి చూపించు.

తీయగానే చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడుగు. టూత్‌పేస్టు వద్దు, అది గరుకు, గీతలు పడతాయి. మరిగే నీళ్ళు పోశావా, వంకర తిరుగుతుంది. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే. గాలి ఆడే డబ్బాలో పెట్టు. టిష్యూలో చుడితే పనమ్మాయి చెత్తబుట్టలో వేస్తుంది, తప్పు ఆ పిల్లది కాదు.

గురక పెడతావా? మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తావా? ఉంటే గార్డుకి ముందే ఆ మాట డాక్టరుతో చెప్పు, ఎందుకంటే నిద్రలో ఊపిరి సమస్య ఉన్నవాళ్ళలో కొందరికి గార్డు వల్ల అది ఇంకాస్త పెరగొచ్చు. దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే కొన్ని మాత్రల వల్ల కూడా నూరుడు మొదలవ్వచ్చు. అలాగని నీ అంతట నువ్వు ఆపేయకు, రాసిచ్చిన డాక్టరునే అడుగు. రాత్రి పొద్దుపోయాక కాఫీ మానెయ్. పగలు ల్యాప్‌టాప్ ముందు పళ్ళు కరుచుకుని ఉన్నావేమో గమనించు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు కాదు.

బాబు కూడా నూరుతున్నాడని అమ్మ కంగారు పడుతోంది, కడుపులో పురుగులంటోంది. పురుగుల మందు వేయాల్సిన టైముకి ఎలాగూ వేయించండి గానీ, దీనికీ దానికీ ముడిపెట్టకండి. చాలామంది పిల్లల్లో అది పెరిగేకొద్దీ పోతుంది. దవడ ఎదిగే వయసులో వాడికి గార్డు అక్కర్లేదు, నీ అపాయింట్‌మెంట్ రోజున వాణ్ణీ తీసుకెళ్ళి ఒకసారి చూపించు చాలు.

మీ మావయ్య