వంటనూనెల్లో యాంటీఆక్సిడెంట్లు ఏ నూనెలో ఎక్కువ?

ఒక్క అంకెతో పోల్చడం కుదరదు. నూనె నూనెకీ ఉండే పదార్థమే వేరు.

పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇ లో ఒక రూపం), 100 గ్రాములకు సుమారు 40 మిల్లీగ్రాములు. శరీరం విటమిన్ ఇ గా నిలుపుకునేది ఈ రూపాన్నే. సోయా నూనెలో గామా టోకోఫెరాల్ అనే రూపం ఎక్కువ. అది నూనెను చెడకుండా బాగా కాపాడుతుంది గానీ విటమిన్‌గా పెద్దగా లెక్కకు రాదు.

నువ్వుల నూనెలోని సెసమోలిన్ అనే పదార్థం వేడికి విడిపోయి సెసమాల్ అనే యాంటీఆక్సిడెంట్ అవుతుంది. వేయించిన నువ్వుల నూనె తొందరగా పాడు వాసన రాకపోవడానికి అదొక ముఖ్య కారణం.

అసలు తేడా శుద్ధిలోనే వస్తుంది. ముడి తవుడు నూనెలో ఒరిజనాల్ అనే యాంటీఆక్సిడెంట్ 1 నుంచి 2 శాతం ఉంటుంది. క్షారంతో శుద్ధి చేస్తే అందులో ఎక్కువ భాగం సబ్బు మడ్డిలో కలిసిపోతుంది. ఫిజికల్ రిఫైనింగ్‌లో, అంటే క్షారం వాడకుండా ఆవిరితో ఆమ్లాలను తీసేస్తే, చాలావరకు మిగులుతుంది. అందుకే కొనేముందు సీసా మీద ఒరిజనాల్ ఎంతో చూడండి: 10,000 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) అంటే 1 శాతం.

ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఒక చెంచా నోట్లో వేసుకుంటే చేదుగా ఉండి, మింగాక గొంతులో చుర్రుమంటుంది. ఆ చేదూ ఆ మంటా ఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లవే. రిఫైన్డ్ ఆలివ్ నూనెలో అవి దాదాపు ఉండవు.

ప్రయోగశాల ఫలితాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. నూనె నుంచి మెథనాల్ అనే ద్రావకంలోకి దిగిన భాగాన్ని మాత్రమే డీపీపీహెచ్ అనే, యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలిచే పరీక్షకు పెడితే ప్రధానంగా ఫినాల్సే కనిపిస్తాయి, టోకోఫెరాల్స్ పూర్తిగా లెక్కకు రావు. అలాంటి పట్టికలో పొద్దుతిరుగుడు నూనె అడుగున ఉంటే అది నూనె లోపం కాదు, పరీక్ష లోపం.