ప్రకృతిలో దేవుని సన్నిధి తెలియడం లేదంటే

చెట్ల మధ్య గంటసేపు కూర్చున్నా దేవుడు దగ్గరున్నట్టు ఏమీ అనిపించడం లేదా? బహుశా ప్రతి ఆకులోనూ మీకోసం ఒక సందేశం వెతుకుతున్నారు. అది మానేయండి.

1. ముందు బైబిల్లోని 104వ కీర్తన చదవండి. అడవి గాడిదలు దాహం తీర్చుకుంటాయి, సింహం పిల్లలు రాత్రి వేటకు గర్జిస్తాయి. మనకు పాఠం చెప్పడానికి కాదు. దేవుడు వాటిని పోషిస్తున్నాడు, అంతే.

2. ఫోన్ పక్కన పెట్టి ఒక్కదాన్నే చూడండి. చీమల బారు చాలు.

3. చాలామంది వదిలేసేది ఇదే: చూసింది చూసినట్టు దేవునికే చెప్పండి. "దేవుడు గొప్పవాడు" అని మనసులో అనుకుంటే సరిపోదు. "ప్రభువా, ఈ చీమ తనకంటే పెద్ద గింజను లాగుతోంది. జారిపోయింది, మళ్లీ పట్టుకుంది. దీన్ని నువ్వే చేశావు" అనండి. వింతగా అనిపిస్తుంది, ఫర్వాలేదు. కీర్తనకారుడు కూడా మధ్యమధ్యలో నేరుగా దేవునితోనే మాట్లాడతాడు.

ఇక "ఇది ప్రకృతి ఆరాధన అవుతుందేమో" అన్న టెన్షన్ అక్కర్లేదు. బైబిల్లో రోమా పత్రిక 1:25 తప్పుపట్టేది సృష్టికర్తను వదిలి సృష్టిని పూజించడాన్ని. మీరు మాట్లాడేది చీమతో కాదుగా!

ఒక్కో రోజు ఇలా చేసినా ఏమీ అనిపించదు. అప్పుడు చూసింది చెప్పేసి లేచి వచ్చేయండి.