వేగంగా పెరుగుతూ ఒక పద్ధతీ పాడూ లేని కంపెనీలో ఉద్యోగం ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారికి ఒక స్టార్టప్ నుంచి ఆఫర్ వచ్చిందట. జీతం బాగుంది, ఈసాప్స్ (కంపెనీ షేర్లను ముందే అనుకున్న ధరకు కొనుక్కునే హక్కు) కూడా ఇస్తామంటున్నారు, కానీ లోపల అంతా గందరగోళమని ఎవరో చెప్పారు, చేరాలా వద్దా అని సందేహం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు పుష్కలంగా ఉంది. హైదరాబాద్‌లో సరుకులు ఇంటికి చేరవేసే ఒక యాప్ కంపెనీలో స్టోర్ ఆపరేషన్స్ చూశాను. స్టోర్ అంటే ఆర్డర్లు కట్టి పంపే గోడౌన్ లాంటిది. పేరు మాత్రం అడగొద్దు.

అది 2021 చివర, 2022 మొదట్లో. పెట్టుబడులు వరదలా వస్తున్న కాలం. ఆ ఒక్క 2021లోనే మన దేశంలో 40కి పైగా స్టార్టప్‌లు యూనికార్న్‌లు, అంటే వంద కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టిన కంపెనీలు, అయ్యాయి. జెప్టో అనే యాప్ సరుకులు పది నిమిషాల్లో తెస్తానంది, గ్రోఫర్స్ అనే ఇంకో యాప్ పేరు కాస్తా బ్లింకిట్ అయింది. వాళ్లను చూసి మా వాళ్లకు పూనకం వచ్చింది. నిజాంపేటలో షట్టర్ అద్దెకు తీసుకుని ర్యాకులు బిగించకముందే, మణికొండలో ఇంకోటి ఎప్పుడు తెరుస్తున్నారని పైనుంచి ఫోన్.

ఇలాంటి చోట పని ఎక్కువ ఉంటుందని అందరూ భయపెడతారు. పని ఎక్కువైతే చచ్చిపోరు. నేను చెప్పేది వేరు. ఇలాంటి కంపెనీని నడిపేది సాఫ్ట్‌వేర్ కాదు, ల్యాప్‌టాప్ సంచులు వేసుకు తిరిగే మేనేజర్లూ కాదు. కింద ఎక్కడో ఒకే ఒక్క మనిషి ఉంటాడు. కంపెనీ మొత్తం అతని బుర్రలోనూ, చొక్కా జేబులోని చిన్న డైరీలోనూ ఉంటుంది. అలాంటి మనిషి ఒకడున్నాడని పైవాళ్లకు తెలియదు. వంద కంపెనీలు చూసినా ఇదే కథ అని రాసిస్తాను.

మా స్టోర్లో ఆ మనిషి ఇన్‌వర్డ్, అంటే వచ్చిన సరుకు లోపలికి తీసుకునే పని, చూసే అన్న. జగిత్యాల వైపు ఆయన, ఏళ్ల తరబడి సూపర్‌మార్కెట్లలో చేసి వచ్చాడు. పాల వ్యాన్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, పాలు చల్లగా ఉంచే చిల్లర్ ఆగిపోతే ఏ ఎంసీబీ స్విచ్ ఎత్తాలి, ఏ రైడర్‌కి ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో గొడవైంది, అన్నీ ఆయనకే తెలుసు. మా ట్రైనింగ్ వీడియోల్లో ఇవేవీ ఉండవు. వాటిలో ఉండేది ఫౌండర్ గారి కల.

ఇక 2022 ఉగాది సంగతి చెప్పాలి. పండగ ఏప్రిల్ 2, శనివారం. వేరే రాష్ట్రంలో కూర్చున్న మార్కెటింగ్ టీమ్ యాప్‌లో ఉగాది కిట్ అని పెద్ద బ్యానర్ పెట్టింది. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం, ఒక కట్ట మామిడాకులు. కిట్‌కి ఒక కోడ్, లోపలి వస్తువులకు వేరే కోడ్‌లు. రెంటికీ లంకె పెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. అందువల్ల ర్యాకులో వేపపువ్వు ఉన్నా లేకపోయినా యాప్‌లో కిట్ మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే కనిపిస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం వేపపువ్వు తెచ్చే ఆయన ఆటో ట్రాలీలో వచ్చాడు. గేటు దగ్గర పర్చేజ్ ఆర్డర్ నంబర్ కొడితే చెల్లదంటోంది. మార్చి 31 అర్ధరాత్రికి, కొత్త ఆర్థిక సంవత్సరం పేరు చెప్పి, పాత ఆర్డర్లన్నీ సిస్టమ్ మూసేసిందట. మాకు ఒక్క మెయిల్ లేదు. ఆర్డర్ లేనిదే జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు సిస్టమ్‌లో రాసే రసీదు) అవదు, జీఆర్‌ఎన్ లేనిదే సరుకు లోపలికి రాకూడదు. నేను ఫోన్ చేస్తే టికెట్ రెయిజ్ చేయమన్నారు, అంటే సిస్టమ్‌లో ఫిర్యాదు రాయమని, చేశాను. పువ్వు తెచ్చినాయన చాలాసేపు ఎండలో నిలబడి, "మోండా మార్కెట్‌కి పోతే చేతిల పైసలు పెడ్తరు" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ టికెట్‌ని సోమవారం మూసేశారు, సమస్య పరిష్కరించాం అని.

సాయంత్రం నుంచి కిట్ ఆర్డర్లు వరస కట్టాయి. ర్యాకుల నుంచి సరుకులు ఏరి కట్టే పికర్లు ఖాళీ ట్రేల ముందు నిలబడి నా మొహం చూస్తున్నారు. అన్న బయటికి వెళ్లి వచ్చి, "తమ్మీ, వెనక సందుల ఎంత పెద్ద యాపచెట్టు ఉన్నది, సూడలేదా?" అన్నాడు.

ఇద్దరు రైడర్లు చెట్టెక్కారు. కింద పరచడానికి ఏమీ దొరక్క స్టోర్ ఓపెనింగ్‌కి కట్టిన ఫ్లెక్సీ తెచ్చి పరిచారు. దాని మీద మా యాప్ పేరు, నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ. సెల్‌ఫోన్ లైట్ల వెలుతురులో కొమ్మలు దులుపుతుంటే ఆ కుటుంబం మొహాల మీద పువ్వు రాలుతోంది. వాచ్‌మన్ భార్య వచ్చి గొడవ చేస్తుందేమో అనుకున్నాను. "మాకింత ఉంచుండ్రి, పొద్దుగాల పచ్చడికి" అని గిన్నె పెట్టి వెళ్లింది. పుల్లలు ఏరి, కూరగాయల కాటా మీద తూచి, చిన్న కవర్లలో కట్టారు.

అక్కడితో అయిపోలేదు. కవర్ మీద బార్‌కోడ్ లేదు. స్కాన్ కాకపోతే ఆర్డర్ ముందుకు కదలదు. రైడర్లు బండ్లు స్టార్ట్ చేసి మరీ నిలబడ్డారు. అన్న ఒక్క క్షణం ఆలోచించి, కొత్తిమీర కట్టల స్టిక్కర్ రోల్ తీసి కవర్ల మీద అంటించడం మొదలుపెట్టాడు. ఒకటికి బదులు ఇంకోటి పంపే ఆప్షన్ నొక్కితే సిస్టమ్ ఒప్పుకుంటుందని ఆయన ఎప్పుడో కనిపెట్టాడు. ఇదేంటన్నా అంటే, "వాళ్లకి పువ్వు కావాల్నా, బార్‌కోడ్ కావాల్నా?" అన్నాడు. పండగ పొద్దున ఆరింటికల్లా అన్ని ఇళ్లకూ వేపపువ్వు చేరింది. ఒక్క కంప్లైంట్ లేదు.

ఇక పైవాళ్ల తెలివి చూడండి. మర్నాడు నగరంలో కొత్తిమీర అమ్మకాల్లో మా స్టోర్‌దే మొదటి స్థానం. గ్రూపులో చప్పట్ల బొమ్మలు. సిటీ హెడ్ గారు మా ఏరియా కస్టమర్ల ఆకుకూరల అభిరుచి గురించి ఒక స్లైడ్ కూడా చేశారు. డిమాండ్ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మి, తర్వాతి వారం కొత్తిమీర క్రేట్ల మీద క్రేట్లు పంపింది. ఏప్రిల్ ఎండలు. రెండో రోజుకే పసుపెక్కి, మూడో రోజుకు జిగురు కారి, స్టోరంతా ఒకటే కంపు. మొత్తం డంప్‌లో, అంటే పాడై పారేసిన సరుకు లెక్కలో, రాశాం. డంప్ శాతం పెరిగిందని అన్నకు వార్నింగ్ మెయిల్ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చాడు. జరిగిందంతా రాసి నేను పంపిన మెయిల్‌కి ఈ రోజు వరకూ జవాబు లేదు.

ప్రతి శుక్రవారం టౌన్‌హాల్ అని ఉద్యోగులందరికీ ఒక మీటింగ్ ఉండేది. మీరంతా ఉద్యోగులు కాదు, ఓనర్లు అనేవారు. గేటు ముందు నిలబడ్డ వేపపువ్వుని లోపలికి తీసుకునే అధికారం లేని ఓనర్ ఏం ఓనరండీ! ఆ హోదాల పిచ్చి ఇంకోటి. నిన్న సీనియర్ అసోసియేట్, ఇవాళ లీడ్, జీతం అదే. ఇంట్లో వాళ్ల గోల వేరు. మా నాన్న సంబంధాలవాళ్లకు కంపెనీ పేరు చెప్పి, వాళ్లకు తెలియకపోతే "ఫోన్లో కూరగాయలు" అని వివరించేవాడు. పరువు పోయిందనుకోండి.

జూన్ రాకముందే అన్న మానేశాడు. నిజాంపేటలోనే ఒక మామూలు సూపర్‌మార్కెట్‌లో చేరాడు. ఎగ్జిట్ ఇంటర్వ్యూ అని ఒక ఫారం వచ్చింది, అదీ ఇంగ్లిష్‌లోనే. ఆయన వెళ్లాక ఒక రాత్రి చిల్లర్ ట్రిప్ అయింది. ఏ స్విచ్ దేనిదో ఎవరికీ తెలియక, ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి పాలన్నీ పాడయ్యాయి. రూట్ కాజ్ అనాలిసిస్ అని మీటింగ్ పెట్టారు. అన్న పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, వ్యక్తుల గురించి వద్దు, ప్రాసెస్ గురించి మాట్లాడదాం అన్నారు. ఏ ప్రాసెస్? ఆ ప్రాసెస్ రాజీనామా చేసి వెళ్లిపోయింది కదా!

చేరాలా వద్దా అంటే, ఇంటర్వ్యూలో హెచ్ఆర్‌ని కాదు, అక్కడ అందరికంటే పాత ఉద్యోగిని పట్టుకోండి. మీరు సెలవు పెట్టిన రోజు ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లు వస్తాయని అడగండి. ఆయన గట్టిగా నవ్వితే అర్థం చేసుకోండి. పీఎఫ్ ప్రతి నెలా పడుతోందా అని పాస్‌బుక్ చూసి చెప్పమనండి. ఒక నెల డబ్బు తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఆలస్యమవుతోందంటే ఆ కంపెనీలో గందరగోళం డబ్బుల దాకా వచ్చినట్టే.

ఈసాప్స్‌ని జీతంలో కలిపి లెక్కేసుకోకండి. ఇచ్చిన తేదీ నుంచి కనీసం ఏడాది గడవనిదే ఒక్క షేరు కూడా మీ హక్కులోకి రాదు, కంపెనీల చట్టం కింద ఉన్న నిబంధనే అంత. తీరా ఎక్సర్‌సైజ్ చేస్తే, అంటే డబ్బు కట్టి ఆ షేర్లు కొనుక్కుంటే, అమ్మకపోయినా సరే, ఆ రోజు విలువకూ మీరు కట్టిన ధరకూ ఉన్న తేడాను మామూలుగా జీతం కిందే లెక్కగట్టి పన్ను పట్టుకుంటారు. మానేశాక ఎన్నాళ్లలోపు ఎక్సర్‌సైజ్ చేయాలో కాగితం మీద రాసి ఇస్తారేమో అడగండి. నాకు ఇచ్చిన కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది.